డబ్బాకు తూము పెట్టినవాడు

అతను పోయాక వాళ్ల ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. దాని కింద కూర్చున్నవాళ్లంతా అతను ఎంత మంచివాడో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. ఎవరి సొమ్మూ తినలేదట. అబద్ధం ఆడి ఎరగడట. ఆ చివరి మాట విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. చావింట్లో నవ్వితే బాగుండదని తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకొని పక్కనాయన నా వీపు నిమిరాడు.

అబద్ధం ఆడడా? అబద్ధాలు తీసేస్తే అతనిలో మిగిలేది రంపప్పొట్టు ఒక్కటే.

పేరు రాయను. అతని దగ్గర పాటల డబ్బాలు కొన్నవాళ్లు గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఉన్నారు. నేను రాయబోయే సంగతి తెలిస్తే ఇంటిమీదికి పోతారు. ఆ ఇంట్లో అతని భార్య ఉంటుంది. ఆమె నోటికి వాళ్లు తట్టుకోలేరు, పాపం.

పెద్దమందడి నుంచి వనపర్తి పోయే తోవలో, రోడ్డు పక్కన అతని రేకుల కొట్టం ఉండేది. పుట్టుకతో వడ్ల పని, అంటే వడ్రంగం. నాగళ్లు, గుంటకలు, బండి చక్రాలు చేసిన చెయ్యి. ట్రాక్టర్లు వచ్చి నాగలిని అటకెక్కించాక కొన్నాళ్లు తలుపులు చేశాడు, మంచాలు చేశాడు. సీడీలు వచ్చి ప్రతి పెండ్లికీ పాటల డబ్బాలు కావలసి వచ్చినప్పుడు ఆ డబ్బాలకు దిగాడు. లోపలి స్పీకరు హైదరాబాదు నుంచి వచ్చేది. చుట్టూ ఉండే చెక్క డబ్బా మాత్రం అతనిది.

నేను పక్క ఊరివాణ్ణి. డప్పు కొట్టేవాణ్ణి. కులాలు వేరైనా అతను నన్ను మామా అని పిలిచేవాడు, నేను అల్లుడా అనేవాణ్ణి. వరస కలిపింది అతనే. ఏ లెక్కన కలిపాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అతని దగ్గర కొలతబద్ద ఉండేది. దాంతో వీపు గోక్కునేవాడు. చెక్కకు గుండ్రంగా బొక్క కొట్టాలంటే మాత్రం ఇంట్లోంచి గిన్నె తెచ్చి బోర్లించి చుట్టూ పెన్సిలు తిప్పేవాడు. పెద్ద స్పీకరుకు అన్నం తినే పళ్లెం. చిన్నదానికి పప్పుగిన్నె. ఇంట్లో ఏ గిన్నె కనబడకపోయినా భార్య నేరుగా కొట్టానికి వచ్చేది. ఒకరోజు నేనక్కడే ఉన్నాను.

"చెంబియ్యి," అన్నది ఆమె.

"జర ఆగు. గీత సగంల ఉంది."

"నాకు ఆగేటట్టు లేదయ్యా. చెంబియ్యి."

చేతికి చెంబిచ్చి, మిగిలిన సగం గీత అందాజుగా గీశాడు. ఆ డబ్బాకు బొక్క కోడిగుడ్డులా వచ్చింది. కొనడానికి వచ్చినాయన అదేమిటని అడిగితే, "కొత్త మోడలు, హైదరాబాదుల గిదే నడుస్తుంది," అన్నాడు. వచ్చినాయన తల ఊపి బండికెత్తించుకొని పోయాడు.

స్పీకరు కింద ఉండే రెండో బొక్కను అతను తూము అనేవాడు. అదెందుకని నేను అడిగినప్పుడు, చెరువును చూపిస్తున్నట్టు చెయ్యి చాపి చెప్పాడు.

"స్పీకరు కాగితం ముంగటికి కొడితే మన చెవులకు పాట. అదే కాగితం ఎనుకకు కూడ కొడతది కద మామా. ఆ ఎనుక దెబ్బ డబ్బాలనే సస్తే సగం సౌండు దండగ. దానికో తూము పెడితే బయటికొచ్చి ముందటి దెబ్బకు తోడైతది. గాలికి ఇల్లు గావాలె, వాకిలి గూడ గావాలె."

"మరి తూము ఎంత ఉండాలె?"

"గిదేం సవాలు? తూము ఎంత పెద్దగుంటే మడికి అన్ని నీళ్లు."

"తూము మరీ పెద్దగ చేస్తే కట్ట తెగుతది గద అల్లుడా."

"నీ నోట్లెకెళ్లి ఎప్పుడన్న మంచి మాటొస్తదా?"

అట్లా తూములు పెద్దవవుతూ పోయాయి. చెంబు మూతి నుంచి నీళ్లు కాచే సర్వ మూతికి వచ్చాయి. కొనేవాళ్లూ అదే కోరేవారు. మన దిక్కున నీళ్లకోసం మొఖం వాచినవాళ్లం, వెడల్పు తూము చూస్తేనే కడుపు నిండుతుంది. ఒక టెంటుహౌసాయన వచ్చి, "అన్నా, నీ డబ్బాల పిల్లి ఈనింది," అని మొరపెట్టుకుంటే, ఇతను ఏమాత్రం తొణకలేదు.

"ఎన్ని పిల్లలు?"

"నాలుగు."

"మంచిదే. లోపల బరువు పెరిగితే బేసు గట్టిపడతది. కండ్లు తెరిచేదాక తియ్యకు."

మా ఇద్దరికీ అసలు పేచీ ఒక పెండ్లిలో వచ్చింది. పెండ్లికొడుకు తాతకు డప్పులు కావాలి, వాడి దోస్తులకు డబ్బాలు కావాలి. ఇంట్లో రెండు పక్షాలై ఎవరూ తగ్గక రెండింటినీ పిలిచారు. ఎదురుకోలు మిట్టమధ్యాహ్నం. ముందు మా డప్పులు, వెనుక ట్రాక్టరు ట్రాలీలో అతని పాటల డబ్బాలు. సర్వ మూతి అంత తూములున్న కొత్త జత. మేము ఆపాక అతను పాట పెట్టాడు. మోత బాగానే ఉంది, కాకుల గుంపు లేచిపోయింది. కానీ పాట మారినా లోపలి దరువు మారలేదు. ఏది పెట్టినా డమ్, డమ్, డమ్, ఒకటే. రేకుల తలుపు మీద గుద్దినట్టుంది. దోస్తులు ఎగరడానికి చేతులెత్తారు గానీ కాళ్లు లేవలేదు.

తాత కర్ర ఊపి ఆపమన్నాడు. "దానికి జలుబు చేసినట్టుంది. డప్పులు కొట్టుండ్రి."

మళ్లీ మేము అందుకున్నాం. తాత కూడా ఎగిరాడు. మా బామ్మర్ది డప్పు కొడుతూ కొడుతూ ట్రాక్టరు దగ్గరికి పోయి, అతని మొఖం ముందు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. అది అవసరం లేదు, కానీ బాగుండింది.

మరునాడు పొద్దున్నే అతను మా ఇంటి ముందు ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మామా, ఒక్కసారి కొట్టు."

"ఎవరు సచ్చిండ్రని పొద్దున్నే కొట్టాలె?"

"నా ఇజ్జత్ సచ్చింది. కొట్టు."

గడ్డిమంట వేసి డప్పు కాగబెట్టి కొట్టాను. అతను దగ్గరికి వచ్చి, ఒక చెయ్యి తన కడుపు మీద పెట్టుకొని, ఇంకో చెయ్యి నా కడుపు మీద పెట్టాడు. మా ఆవిడ వాకిట్లో చీపురు పట్టుకొని నిలబడి చూస్తోంది. వీళ్లకేమైందోనన్న చూపు.

"నీది కడుపుల తగులుతుంది," అన్నాడు. "నా డబ్బా చెవుల కాడనే ఆగుతుంది. ఎందుకు?"

నాకు తెలియదని చెప్పాను. అయితే ఒక ముక్క అన్నాను. డప్పును మంట మీద మరీ ఎక్కువ కాగబెడితే తోలు బిగిసి గొంతు పైకెక్కుతుంది. గణగణమంటుంది గానీ కడుపులోకి దిగదు. నీ డబ్బా నాకు ఎక్కువ కాగిన డప్పులా వినబడింది అన్నాను. అతను ఏమీ అనకుండా సైకిలెక్కి పోయాడు. మాట్లాడకుండా పోవడం అతని జన్మలో అదే మొదలనుకుంటాను.

ఆ తర్వాత రోజూ కబురు. పొలం పని లేని రోజుల్లో పోయి అతని కొట్టంలో చెక్క గీసిన చిత్తుపొట్టు కుప్పమీద కూర్చునేవాణ్ణి. అతను తూము మార్చి పాట పెట్టేవాడు, నేను వినేవాణ్ణి. తూముకు ఎదురుగా దారానికి పత్తి పింజ ఒకటి వేలాడదీశాడు, గాలి ఎట్లా వస్తుందో కనబడడానికి. సర్వ మూతి తూముకు పింజ సోమరిగా ఊగింది, గొంతు పైనే ఉంది. గ్లాసు మూతి తూము పెట్టాడు. గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. నేను లేచి కూర్చున్నాను. కానీ మోత పెంచేసరికి ఆ సన్నటి తూములోంచి గాలి దూరలేక బుస్సు, బుస్సు అన్నది. పింజ ఎగిరి అతని నోట్లో పడింది.

"పుట్టలో పాము లెక్క ఉంది," అన్నాను.

"నువ్వు పాటిను. పామునెందుకింటవ్?" అంటూ పింజ ఉమ్మాడు.

వెడల్పు పెడితే గొంతు పైకి. ఇరుకు పెడితే బుస. ఈ రెండింటి నడుమ అతను తిరిగిన తిరుగుడు నేను చూశాను. అన్నం పళ్లెంలో చేయి పెట్టి కూడా పళ్లెం అంచు వెడల్పు చూసేవాడు. డబ్బాతో బర్రెతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "దిగు, దిగు, జర దిగు తల్లీ."

మా బామ్మర్దికి ఇదంతా నచ్చలేదు. డప్పుల గుంపులో నా తర్వాత వాడే. పెండ్లిళ్ల కాలంలో డప్పు మీద వచ్చేదే మా నాలుగిండ్లకు ఎండాకాలం గడిపించేది. అది లేకపోతే ముంబయి బస్సెక్కి మట్టి మోయాలి. మేమందరం ఒకప్పుడు మోసినవాళ్లమే.

"బావా, ఏం చేస్తున్నవో తెలుస్తుందా నీకు?" అని వాడు తోవలో నిలేశాడు. "ఆ డబ్బా కుదిరిందంటే మనల్ని పిలిచేటోడు ఉంటడా? మన గొంతు కోసే కత్తికి నువ్వే సాన పడుతున్నవ్."

"అడిగిండు, పోయిన."

"పో. కానీ కుదిరినంక కుదరలేదని చెప్పు. ఒక్క మాట. నీదేం పోతది?"

వాడన్నది తప్పు కాదు. ఆ డబ్బా కుదిరిందో లేదో చెప్పాల్సింది నా కడుపు. అతను నా మాటనే నమ్ముతున్నాడు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అంటూ నేను ఆ ఏడంతా నెట్టుకురావచ్చు. అయితే నాకు అబద్ధం ఆడడం రాదు. అది గొప్ప అని కాదు. చేతకాదు. కొందరికి ఈత రానట్టు.

ఒకరోజు పోయేసరికి కొట్టం ముందు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం పడి ఉంది. ఉప్పునుంతల దిక్కున ఎవరిదో బోరు ఎండిపోతే పీకేసిన గొట్టమట.

"నీళ్లియ్యని బోరు గాలన్న ఇస్తదేమో సూద్దాం," అన్నాడు అతను.

ఆ గొట్టం సర్వ మూతంత వెడల్పు కాదు, గ్లాసంత ఇరుకు కాదు. చెంబు మూతి కన్నా కొంచెం సన్నం. ముందు జానెడు ముక్క కోసి తూములో లోపలికి దిగేశాడు. గొంతు కాస్త దిగింది, బుస లేదు. ఇంకో పొడుగు ముక్క కోసి దిగేశాడు. ఇంకా దిగింది. తూముకు వెడల్పే కాదు, లోపలికి పొడుగు కూడా ఉండాలని అతనికి అప్పుడు తట్టింది. మూరెడు ముక్క పెట్టి పాట వేశాడు.

పింజ ముందుకు, వెనక్కి, నిమ్మళంగా ఊపిరి తీసినట్టు కదిలింది. బొడ్డు కింద ఎవరో మెత్తగా పిడికిలితో తట్టినట్టయింది నాకు. చిత్తుపొట్టు కుప్ప నా కింద వణికింది.

అతను పాట ఆపాడు. నా మొఖం చూశాడు. బామ్మర్ది మాటలు అతని చెవిన పడ్డాయేమో, లేక తనకే తెలుసో. నాగళ్లు పోయిన వడ్లాయనకు, చేతిలో పని పోవడమంటే ఏమిటో వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"మామా, తొందర లేదు. రేపు ఆలోచించి చెప్పు," అన్నాడు.

"ఆలోచించేదేముంది? ఇదే."

"ఇంకోపారి వింటవా?"

"ఎన్నిసార్లు విన్నా ఇదే. వచ్చింది."

అతను ఎగిరి గంతేస్తాడనుకున్నాను. స్విచ్చు దగ్గర అట్లాగే కూర్చొని చెవిమీది పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత చాయ తెప్పించాడు.

తమాషా ఏమంటే, ఆ డబ్బాలను ఎవరూ కొనలేదు. గద్వాల నుంచి వచ్చినాయన తూములో పిడికిలి పెట్టి చూసి, "ఏందన్నా గింత బొక్క? గీన్నుంచి సౌండేం వస్తది? తలకాయ పట్టేటట్టు ఉండాలె," అన్నాడు. పాట పెట్టి వినిపిస్తానంటే, "వినేదేముంది, కనబడుతుంది కద," అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అట్లాగే పోయారు. అతను కొన్నాళ్లు పరేషానయ్యాడు. ఆ మీదట కొంచెం నల్ల రంగు కొని, చిన్న తూము చుట్టూ సర్వ మూతంత గుండ్రంగా నల్లటి చక్రం పూశాడు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే పిల్లి కాదు, మేకపిల్ల దూరేంత తూము. కొనేవాళ్లు దూరం నుంచే తృప్తిపడ్డారు. దగ్గరికొచ్చి అడిగినవాళ్లకు, "నల్లగున్న కాడికెల్ల తూమే, నడుమ గొట్టం దానికి ముక్కు," అని చెప్పేవాడు.

డబ్బాలు అమ్ముడుపోయాయి. మా పెండ్లిళ్లు కూడా పోయాయి. ఆ ఏడు లగ్గాలు మొదలైనా మా వాడకట్టుకు పిలుపు రాలేదు. డప్పులు చిలక్కొయ్యలకు వేలాడాయి. బామ్మర్ది నాతో మాట్లాడడం మానేసి మా ఆవిడతో మాట్లాడేవాడు, నాకు వినబడేటట్టు. "అక్కా, ఆదివారం బస్సుకు పోతున్న. బావకు చెవులు బాగున్నయి కద, ఆయన ఇంట్ల కూసోని పాటలినమను." సంచి సర్దుకున్నాడు.

వాడు బస్సెక్కడానికి ముందు, శ్రీరంగాపూర్ దిక్కు నుంచి ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. బిడ్డ పెండ్లట.

"డబ్బాలు మాట్లాడినం పెద్దయ్యా. నోరు తెరిపియ్యడానికి మీరు రావాలె. గుంపంత రావాలె."

"దేని నోరు?"

"డబ్బాది. ముంగట డప్పు కొట్టందే పాట పెట్టొద్దంట కద. పెడితే లోపల కాగితం పగులుతదంట. మళ్ల ఊరేగింపు అయిందాక డప్పులు ఎంటనే ఉండాలెనంట. నడుమ ఆపితే నడుమనే పగులుతదంట. డబ్బా చేసినాయన ఒట్టుపెట్టించుకొని అమ్మిండు."

వెనకాల బామ్మర్ది దగ్గు వినబడింది. వచ్చినాయన బయానా డబ్బులు చేతిలో పెట్టాడు. నేను కండువా వేసుకొని నేరుగా కొట్టానికి పోయాను.

అతను పలకను నున్నగా గీస్తూ రందా పడుతున్నాడు. నన్ను చూసి తల ఎత్తలేదు.

"ఏందిరా నువ్ చెప్పేది?" అన్నాను. "నా డప్పును మంత్రగాని డప్పు చేసినవ్. తూముకు రంగు పూస్తే పూసినవ్, నాకెందుకు పూస్తున్నవ్?"

"కొత్త నాగలికి కుంకుమ పెడుతుంటిమి. గిదెందుకని ఎద్దు ఎన్నడన్న అడిగిందా?"

"నేను ఎద్దునా?"

"ఎద్దు నయం. అది మాట్లాడదు." రందా ఆపి పొట్టు ఊదాడు. "అబద్ధమంటవా? సరే. ఆ డబ్బా గొంతు ఎవరి కడుపుల కెళ్లి వచ్చింది? నీ డప్పు మోగకపోతే దాని నోరు తెరుచుకునేదా? నేను చెప్పేది అదే. కాగితం పగులుతదని జర ఉప్పేసిన."

"జనాలను మోసం చేసుడే అది."

"అయితే పో. పోయి చెప్పు. నీకు అబద్ధం రాదు కద. ఇంటింటికి తిరిగి, మా అల్లుడు చెప్పింది అబద్ధం, డప్పులు పిలవకుండ్రి అని చెప్పుకుంట రా. చాయ తాగి పో."

చాయ వచ్చింది. అతను రందా పడుతూనే ఉన్నాడు. నేను తాగి గ్లాసు పెట్టి లేచాను. ఎవరి ఇంటికీ పోలేదు. నేను అబద్ధం ఆడలేదు. ఎవరూ నన్ను అడగలేదు.

బామ్మర్ది బస్సెక్కలేదు. శ్రీరంగాపూర్ పెండ్లిలో వాడు డబ్బా తూముకు ఎదురుగా మోకాలి మీద కూర్చొని, కండ్లు మూసుకొని, లేని పూనకమంతా తెచ్చుకొని కొట్టాడు. జనం దండం పెట్టుకున్నారు. నేను తల తిప్పుకున్నాను. ఆ తర్వాత ఒక టెంటుహౌసు కుర్ర యజమాని ఇదంతా ఉత్తదేనని డప్పులు లేకుండా పాట పెట్టాడు. ముందురోజు వానలో తడిసిన డబ్బా, పైగా మోత చివరిదాకా తిప్పాడు. కాగితం పగిలింది. ఆ కబురు మా కన్నా ముందే నాగర్‌కర్నూలు చేరింది. అల్లుడు మాత్రం తన అబద్ధం నిజమైనందుకు నెల రోజులు కొంచెం భయంభయంగా తిరిగాడు. ఒక పాత డబ్బా ముందు అగరుబత్తి వెలుగుతుండగా నేను కండ్లారా చూశాను.

అతను జ్వరంతో పడి వనపర్తి దవాఖానలో పోయాడు. మేము డప్పులతోనే సాగనంపాం, డబ్బాలు పెట్టవద్దని భార్య గట్టిగా చెప్పింది. "బతికినన్నాళ్లు ఆ మోతే. ఇగ జర నిమ్మళంగ పోనియ్యుండ్రి," అన్నది.

దినాలు అయిపోయాక ఒక ట్రాక్టరాయన వచ్చాడు. గద్వాల దగ్గరి ఊరట. కొత్తగా పెండ్లి డబ్బాలు కొన్నాడట. చెక్కవి కావు, హైదరాబాదు కంపెనీ డబ్బాలు, ఎత్తుకు ఎత్తు నల్లగా మెరిసేవి. ముహూర్తం పెట్టుకొని మమ్మల్ని పిలవడానికి వచ్చాడు.

"ఇవి మా అల్లుడు చేసినవి కావు కద," అన్నాను. "వీటికి డప్పెందుకు?"

"ఆయనెవరో నాకు తెల్వదు పెద్దయ్యా. ఏ డబ్బాకైనా నోరు తెరిపియ్యాలె కద."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

ట్రాక్టరాయన నన్ను జాలిగా చూశాడు. ముసలాయనకు మతి తప్పిందనుకున్నాడేమో, ఓపికగా విడమరిచి చెప్పాడు.

"ఒకరు చెప్పేదేముంది? ఇది మన తాతల కాడినుంచి వస్తున్న రివాజు."

నేను నోరు తెరిచాను. ఇంట్లోంచి బామ్మర్ది నావైపే చూస్తున్నాడు. తెరిచిన నోటితో ముహూర్తం ఎప్పుడని అడిగాను.